తాటాకు కట్ట విప్పే ముందు

"అటక దులుపుతుంటే తాటాకుల కట్ట ఒకటి బయటపడిందండీ. మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు గోదావరిలో కలిపేద్దామంటున్నారు మా అత్తగారు. దోషం ఏమీ ఉండదు కదా?"

ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి నాలుగైదైనా వస్తాయి. ఇరవై రెండేళ్లు ఒక రాతప్రతుల భాండాగారంలో, పాత ఆకులు శుభ్రం చేసి కట్టే విభాగంలో పనిచేశాను. ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను. కలపకండి. విప్పకండి. తుడవకండి. కట్టను ఉన్నది ఉన్నట్టుగా ఒక పాత నూలు పంచెలో చుట్టి బల్ల మీద పెట్టండి. తర్వాత ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

మా తాతయ్య కరణం. ఆయన కవిలె కట్టలు, అంటే ఊరి లెక్కలు రాసిన తాటాకు కట్టలు, మా వంటింటి అటక మీద ఉండేవి. కట్టెల పొయ్యి పొగ రోజూ వాటికి తగిలేది. పొగ తగిలే చోటికి పురుగు రాదని పెద్దవాళ్లకు తెలుసు. గ్యాస్ పొయ్యి వచ్చాక పొగ ఆగిపోయింది, కట్టలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. పదిహేనేళ్ల తర్వాత కిందికి దించితే ఏడు కట్టల్లో నాలుగు చేతిలోనే పొడైపోయాయి. ఏ చేనుకి ఏ చెరువు నీళ్లు, ఏ తూము దగ్గర ఎవరి వంతు, అంతా ఆ పొడిలో పోయింది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం ఆయన సహాయకులు కావలి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు (ఊళ్ల చరిత్రలు) రాయించినప్పుడు కరణాల దగ్గరున్న ఇలాంటి దండకవిలెలే (ఊరి పాత దస్త్రాలే) వాళ్లకు ఆధారం. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను ఈ పనిలోకి రావడానికి ఆ నాలుగు కట్టలే కారణం.

పాతకాలం లేఖకులు గ్రంథం పూర్తయ్యాక చివర్లో ఒక శ్లోకం రాసేవారు. అందులో పుస్తకమే మాట్లాడుతుంది. నూనె నుంచి నన్ను కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతిలో పెట్టకు అంటుంది. ఆ నాలుగూ అక్షరాలా నిజమని నా చేతుల మీదుగా వెళ్లిన కట్టలు నాకు చూపించాయి. ఆకులకు జరిగిన నష్టంలో ఎక్కువ భాగం ఈ మధ్య ముప్పై నలభై ఏళ్లలో, ఎంతో ప్రేమగా చూసుకున్న చేతుల వల్లే జరిగింది. కొబ్బరినూనె పట్టించారు. ఎండలో ఆరబెట్టారు. విరిగిన చోట టేపు వేశారు. అందుకే నేను చెప్పబోయే పనుల్లో సగం చేయకూడనివే ఉంటాయి.

మొదటి రోజు: చూడటమే పని

ఫ్యాన్ ఆపేయండి. బల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి కట్టను దాని మీద పెట్టండి. ముక్కుకి మాస్క్ పెట్టుకోండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒకప్పుడు మన ఇళ్లలో పురుగు పట్టకుండా గమాక్సిన్, డీడీటీ పొడి చల్లేవారు. ఆ పొడి దశాబ్దాల తర్వాత కూడా ఆకుల మధ్య అలాగే ఉంటుంది. తెల్లటి పొడి కనిపించినా, ఘాటు వాసన వచ్చినా, బూజు ఉన్నా రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అవేవీ లేకపోతే సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్న చేతులే మేలు. నూలు గ్లవ్స్ వేసుకుంటే ఆకు అంచున లేచిన నారకు గుడ్డ తగులుకుని చీలిక వస్తుంది, వేళ్లకు స్పర్శ కూడా తెలియదు.

ఇప్పుడు కట్టను పక్కల నుంచి చూడండి. ఆకుల అంచుల్లో గుండుసూది మొనంత గుండ్రటి రంధ్రాలు ఉంటే అవి పెంకుపురుగు పిల్లలు తొలిచినవి. పైపైన గీకినట్టు పలచబడిన మచ్చలుంటే సిల్వర్ ఫిష్ అనే పురుగు పని. మట్టి గూడు ఉంటే చెదలు. రంధ్రాలు కనపడగానే టెన్షన్ పడాల్సిన పనిలేదు, అవి వందేళ్ల కిందటివీ కావచ్చు. పురుగు ఇప్పుడు బతికి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. కట్టను నల్లటి కాగితం మీద పెట్టి, మొత్తాన్ని పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచి మూతి కట్టేయండి. రెండు మూడు వారాలు రోజూ ఒకసారి చూడండి. కొత్తగా లేత రంగు పొడి రాలుతుంటే లోపల ప్రాణమున్న పురుగు ఉన్నట్టే. కట్టకు తడి తగిలిన అనుమానం ఉంటే మాత్రం సంచిలో పెట్టకండి, రెండు రోజుల్లో బూజు వస్తుంది.

పురుగు ఉంటే మందు కొట్టకండి. ఇంట్లో బొద్దింకలకు వాడే స్ప్రే ఆకు మీద మరకగా మిగిలిపోతుంది. భాండాగారాల్లో వాడే పద్ధతుల్లో ఇంటికి పనికొచ్చేది చలి ఒక్కటే. కట్టను పాలిథిన్ సంచిలో గాలి వీలైనంత తీసేసి గట్టిగా సీలు చేసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చనిపోతాయి. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో అడుగున్నర పొడవు కట్ట పట్టదు కాబట్టి పెద్ద డీప్ ఫ్రీజర్ కావాలి. బయటికి తీశాక సంచిని ఒక రోజంతా తెరవకూడదు. వెంటనే తెరిస్తే చల్లటి ఆకుల మీద గాలిలోని తేమ నీరుగా పడుతుంది. రంగులతో బొమ్మలు వేసిన ఆకులుంటే, లేక ఆకులు బాగా పెళుసుగా ఉంటే ఈ పని మీరు చేయకండి, తెలిసినవాళ్లకు అప్పగించండి.

దారం విప్పడం

విప్పే ముందు నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీయండి. ముడి ఎలా వేశారు, పైన కింద చెక్కలు ఏ వైపు ఉన్నాయి, దారం చివర ఏమైనా తగిలించారా, అన్నీ కనపడాలి. ఒకసారి దారం చివర చిల్లు కాణీ కట్టి ఉంది. ఇంటివాళ్లు దాన్ని తీసి పక్కన పెట్టారు, నేను మళ్లీ ఆ దారానికే కట్టించాను. అదీ ఆ పుస్తకంలో భాగమే.

ముడి బిగుసుకుపోయి ఉంటే లాగవద్దు. లాగితే దారం రంపంలా రంధ్రం అంచుని కోస్తుంది. ముడి పక్కన చిన్న కత్తెరతో కత్తిరించి, దారాన్ని మెల్లగా తిప్పుతూ పైకి తీయండి. పాత దారాన్ని పారేయకుండా ఒక కవర్లో పెట్టి కట్టతోనే ఉంచండి.

ఆకులు ఒక్కొక్కటే తీస్తూ, తీసిన వరుసలోనే బోర్లా పేర్చుకుంటూ వెళ్లండి. సాధారణంగా ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఆకు సంఖ్య ఉంటుంది. ౧, ౨, ౩ ఇప్పుడు చాలామంది గుర్తుపట్టలేకపోతున్నారు, ముందే ఒక చీటీ మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. వరుస తప్పి ఉన్నా సరే, మొదటిసారి మీకు దొరికిన వరుసలోనే ఫోటోలు తీయండి. సరిచేయడం తర్వాత. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలు కలిసి ఉండటం మామూలే. అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలైతే అది పొరపాటని అనుకుని కలిపేయకండి. ఆకుల మీద పెన్నుతో గానీ పెన్సిల్‌తో గానీ ఏ గుర్తూ పెట్టవద్దు. విరిగిన ముక్కలు ఏ ఆకు దగ్గర దొరికాయో రాసి, చిన్న కాగితం పొట్లంలో వేసి ఆ ఆకు పక్కనే ఉంచండి.

ఆకు ఏ రకమో కూడా ఇప్పుడే తెలుస్తుంది. మన ఊళ్లలో రెండు రకాలు కనిపిస్తాయి. మామూలు తాటి ఆకు మందంగా, బిరుసుగా ఉంటుంది, పురుగు త్వరగా పడుతుంది. శ్రీతాళం అనే వేరే తాటిజాతి చెట్టు ఆకు పలచగా, మెత్తగా, వెడల్పుగా ఉంటుంది, కొంచెం వంచినా విరగదు. రెండింటికీ ఈనెలు పొడవునా సమాంతరంగా నడుస్తాయి. అందుకే ఆకు పొడవునా చీలుతుంది, ఎండిపోతే అడ్డంగా పుటుక్కున విరుగుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే చేయి దానంతట అదే సరిగ్గా కదులుతుంది. ఏ పని చేసినా ఆకు పొడవు వెంట చేయండి. ఆకును ఎప్పుడూ ఒక కొసన పట్టుకుని ఎత్తకండి, కింద దళసరి కాగితం అట్ట దూర్చి పళ్లెంలా మోయండి.

శుభ్రం చేయడం, నూనె సంగతి

తొంభై శాతం కట్టలకు మెత్తటి కుంచె చాలు. బొమ్మలు వేసేవాళ్లు వాడే రెండంగుళాల మేకవెంట్రుకల కుంచె కొత్తది తీసుకోండి. ఆకు మధ్య నుంచి మొదలుపెట్టి ఒకసారి ఎడమ కొసకు, ఒకసారి కుడి కొసకు, ఒత్తకుండా దుమ్ము దులపండి. రంధ్రాల చుట్టూ చీలిక ఉన్నచోట వదిలేయండి. ఒక ఆకుకు రెండు వైపులా కలిపి నాలుగైదు నిమిషాలు పడుతుంది. నూరు ఆకుల కట్ట ఒక్కరోజులో పూర్తి చేయాలనుకోవద్దు. రోజుకి ఇరవై ఆకులు దాటితే చేయి అలసిపోయి బరువు పడుతుంది. విరిగేది అప్పుడే.

కుంచెతో పోని జిడ్డు, మురికి ఉంటే ఆల్కహాల్ వాడతాం. మేం ఇథైల్ ఆల్కహాల్, శుభ్రమైన నీరు సమపాళ్లలో కలిపి, దూది ముంచి, పిండేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు తుడిచేవాళ్లం. ఇంట్లో అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. శానిటైజర్, సర్జికల్ స్పిరిట్ మాత్రం వద్దు, వాటిలో వేరే పదార్థాలు కలిసి ఉంటాయి. ముందు రాత లేని ఒక మూల అంగుళం మేర పరీక్షించి, దూదికి రంగు అంటుతుందేమో చూడండి. కొంచెం దుమ్ము రంగు వస్తే ఫరవాలేదు. నల్లగా మసి వస్తే ఆపేయండి. గంటంతో, అంటే ఆకు మీద గీసి రాసే ఇనుప మొనతో, గీసి మసి నింపిన అక్షరం ఆకు లోపలికి దిగి ఉంటుంది కాబట్టి ఈ తుడుపుకు సాధారణంగా తట్టుకుంటుంది. కలంతో సిరా పెట్టి పైపైన రాసినది, రంగులు వేసినది అసలు తట్టుకోదు. అలాంటి వాటికి తడి తగలకూడదు.

ఇక నూనె. నన్ను అందరూ అడిగేది దీని గురించే. "ఆకులు ఎండిపోయాయి, కాస్త నూనె రాస్తే మెత్తబడతాయి కదా?" మెత్తబడతాయి, కొన్ని నెలలు. కొబ్బరినూనె, ఆముదం, నువ్వులనూనె ఆవిరయ్యేవి కావు. ఆకులోనే ఉండిపోయి, ముక్కిపోయి, జిగటగా మారి, ఊళ్లో దుమ్మంతా పట్టుకుంటాయి. పదేళ్లలో ఆకు నల్లబడి అక్షరానికీ నేపథ్యానికీ తేడా లేకుండా పోతుంది. శ్లోకంలో నూనె పేరు మొదట ఎందుకు వచ్చిందో నాకు అర్థమైంది ఇలాంటి ఒక కట్ట చూశాకే. ఆ ఇంట్లో ప్రతి దసరాకీ భక్తిగా కొబ్బరినూనె పట్టించారు. నూటపదహారు ఆకులు ఒకే దిమ్మగా అతుక్కుని ఉన్నాయి.

మన గ్రంథాలయాల్లో వాడుకలో ఉన్నది నిమ్మగడ్డి నూనె. అది ఆవిరయ్యే తైలం, ఆకుకి కొంచెం సాగే గుణం ఇస్తుంది, వాసనకు పురుగు దూరంగా ఉంటుంది. అది కూడా గట్టిగా ఉన్న, గంటంతో రాసిన, శుభ్రం చేసిన ఆకులకు మాత్రమే. దూదికి రెండు చుక్కలు, ఆకుకి ఒక్క తుడుపు, వెంటనే పొడి దూదితో ఇంకో తుడుపు, తర్వాత నీడలో ఒక పూట ఆరనివ్వడం. ఆకు మెరవకూడదు. మెరుస్తోందంటే ఎక్కువైనట్టే. అనుమానం ఉంటే మానేయండి, నూనె రాయనందువల్ల చెడిపోయిన కట్టను నేను చూడలేదు.

అతుక్కున్న ఆకులు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనొక తప్పు చేశాను. రెండు ఆకులు అతుక్కుని ఉంటే, కొస దగ్గర కొంచెం విడివడి కనిపిస్తే, వెదురు పుల్ల దూర్చి ధైర్యంగా లాగాను. పై ఆకు వచ్చింది, కింది ఆకు పైపొర దానితో పాటు వచ్చేసింది. ఒక సీసపద్యంలో రెండు పాదాలు పోయాయి. ఆ గ్రంథానికి వేరే ప్రతి మాకు దొరకలేదు. ఆ రోజు నుంచి అతుక్కున్న ఆకు ముందు కూర్చున్నప్పుడు నా చేతులు ఒడిలోనే ఉంటాయి.

మీరు చేయగలిగింది ఎదురుచూడటం. కట్టను తేమ మరీ తక్కువ లేని గదిలో కొన్ని రోజులు అలా వదిలేస్తే, వట్టి దుమ్ముతో, ఎండిన తేమతో అంటుకున్నవి వాటంతట అవే విడివడతాయి. అప్పుడు పలచటి వెదురు బద్దను గరుకు కాగితంతో నునుపుచేసి, పొడవు వెంట మెల్లగా జరపవచ్చు. కొంచెం అడ్డు తగిలినా ఆగిపోవాలి. నూనెతో, బూజుతో, పసుపు నీళ్లతో దిమ్మకట్టినవి తేమగదిలో పెట్టి గంటల తరబడి చూసుకుంటూ విడదీయాల్సినవి. ఆ పని శిక్షణ ఉన్న చేతులకు వదలండి. దిమ్మకట్టిన ఆకు పాడైనట్టు కాదు. దాని మీది అక్షరాలు ఇంకా లోపలే ఉన్నాయి.

చదవడానికి మసి పూయాలా?

గంటంతో గీసి మసి పూయకుండా వదిలేసిన ఆకులు, మసి పోయిన ఆకులు ఖాళీగా కనిపిస్తాయి. మా తాతయ్య తరం వాళ్లు దీపపు మసి, ఆకుపసరు కలిపి పూసి, గుడ్డతో తుడిచేసి చదువుకునేవారు. అది వాళ్లకు చేతనైన విద్య. ఇప్పుడు దాని అవసరం చాలావరకు తీరిపోయింది. గదిలో లైటు ఆపి, ఒక టార్చిని ఆకు పక్కన బల్లకి దాదాపు ఆనించి, వెలుగు ఆకు మీదుగా ఏటవాలుగా పోయేలా పెట్టండి. గీసిన ప్రతి గీతలో నీడ పడి అక్షరాలు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు గుండె ఆగినట్టుంటుంది. అలాగే ఫోటో తీయండి, ఒకసారి వెలుగు ఎడమ నుంచి, ఒకసారి పై అంచు నుంచి.

ఫోటోలకు ఫోన్ చాలు. ఫోన్‌ని స్టాండుకు బిగించి ఆకుకు నిలువుగా పైన ఉంచండి, ఫ్లాష్ వద్దు. ఫ్రేములో ఒక స్కేలు పెట్టండి. ఆకు పొడవు ఎక్కువ కాబట్టి రెండు మూడు భాగాలుగా, ఒకదాని మీద ఒకటి కొంచెం కలిసేలా తీయండి. ముందు, వెనక రెండూ, రాత లేని ఆకులతో సహా. ఫైలు పేరులో కట్ట సంఖ్య, ఆకు సంఖ్య, ముందా వెనకా అన్నది ఉండాలి. ఒక కాగితం మీద ఆకులెన్ని, పొడవు వెడల్పులు ఎంత, పేజీకి ఎన్ని వరుసలు, ఎవరింటి నుంచి వచ్చింది రాసి ఉంచండి. ఫోటోలు కనీసం రెండు చోట్ల దాచండి. చదివేవాళ్లు దొరికినప్పుడు ఫోటోలే పంపవచ్చు, కట్టను మళ్లీ మళ్లీ విప్పక్కర్లేదు.

పాత రాతలో మాటల మధ్య ఖాళీ ఉండదు, వలపలగిలక (అక్షరం కుడి పక్కన రాసే రకారపు గుర్తు), శకటరేఫ (బండి ఱ) విరివిగా ఉంటాయి. తెలుగు లిపిలో సంస్కృతం కూడా ఉండొచ్చు. మొదట తికమకగా ఉన్నా, నెల రోజులు రోజూ ఒక ఆకు పట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఎవరికైనా వస్తుంది. మా దగ్గరికి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి అలాగే నేర్చుకుంది.

అతికించడం

సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్. ఈ మూడూ ఎప్పటికీ వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమ రంగులో ఆకులోకి ఇంకిపోతుంది, తీయబోతే అక్షరాలతో సహా వస్తుంది. ఫెవికాల్ గట్టిపడి, దాని పక్కనే ఆకు మళ్లీ విరుగుతుంది. మేం పలచటి జపాన్ చేతికాగితాన్ని గోధుమ గంజితో అంటించేవాళ్లం. ఎందుకంటే కాగితం ఆకు కంటే బలహీనం, ఒత్తిడి వస్తే ముందు అదే చిరుగుతుంది, గంజి తడికి మళ్లీ ఊడుతుంది. మరమ్మతు ఎప్పుడూ అసలు వస్తువు కంటే బలంగా ఉండకూడదు, వెనక్కి తీసేందుకు వీలుండాలి. ఇంట్లో మీరు ఆ ప్రయత్నం చేయకుండా, విరిగిన ఆకును రెండు దళసరి తెల్లకాగితాల మధ్య పెట్టి కట్టలో దాని స్థానంలోనే ఉంచితే చాలు.

పూజ

మూలా నక్షత్రం రోజు సరస్వతీ పూజలో గ్రంథాలు పెట్టడం మా ఇంట్లోనూ ఉంది. మానమని నేను ఎవరికీ చెప్పను. ఏడాదికొకసారి కట్టను కిందికి దించడానికి అంతకంటే మంచి అలవాటు ఏముంది? కానీ పసుపు, కుంకుమ, చందనం ఆకుకి గానీ చెక్కకి గానీ నేరుగా తగలనివ్వకండి. తడి కుంకుమ మరక మేం ఎన్ని చేసినా పోలేదు. పైన చుట్టిన గుడ్డ మీద ఒక చిన్న కాగితం పెట్టి దానికి బొట్టు పెట్టండి. దీపం, హారతి మూరెడు దూరంలో. పువ్వులు తడివి కాకుండా చూసుకోండి, సాయంత్రానికి తీసేయండి.

కట్టి దాచడం

దారం కొత్తగా వేయాల్సి వస్తే రంగు లేని మెత్తటి నూలు దారం, రంధ్రం కంటే బాగా సన్నగా ఉండేది. రబ్బరు బ్యాండు, నైలాన్ తాడు వద్దు. పాత చెక్కలు ఉంటే వాటినే పైన కింద పెట్టండి. అవి లేకపోతే ఆకుల కంటే కాస్త పెద్దగా మందపాటి అట్టలు కోసి పెట్టండి. కట్టు ఎంత బిగువుగా ఉండాలన్నదే ఇక్కడ చేతి నేర్పు. వదులైతే ఆకులు ఒకదాన్నొకటి రాసుకుని అక్షరాలు అరుగుతాయి, మెలికలు తిరుగుతాయి, మధ్యలోకి దుమ్మూ పురుగూ దూరతాయి. మరీ బిగిస్తే రంధ్రాలు చీలతాయి. కట్టను పక్కకి తిప్పినప్పుడు ఆకులు జారకూడదు, కానీ దారం కిందికి చూపుడు వేలు కష్టం లేకుండా దూరాలి. నేను నేర్చుకున్న కొలత అదే.

చుట్టడానికి గంజి పెట్టని, రంగు వేయని నూలు గుడ్డ, నాలుగైదు సార్లు ఉతికినది. గంజి ఉంటే సిల్వర్ ఫిష్‌కి భోజనం పెట్టినట్టే. ఎర్ర గుడ్డలో చుట్టడం మన సంప్రదాయం, అదే కావాలంటే ముందు తడిపి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగడం లేదని చూసుకోండి. గుడ్డ పొరల మధ్య, ఆకులకు తగలకుండా, ఎండిన వసకొమ్ము ముక్కలు, వేపాకు, లవంగాలు పలచటి గుడ్డలో మూటకట్టి పెట్టండి, వాసన తగ్గాక మార్చండి. నాఫ్తలిన్ ఉండలు నేను ఇప్పుడు వాడను, ఎవరినీ వాడమనను. ఇంట్లో మనుషుల ఆరోగ్యానికి అవి మంచివి కావు.

ఎక్కడ పెట్టాలి? అటక మీద వద్దు, ఎండాకాలం అక్కడ నిప్పులకొలిమి. బాత్‌రూమ్ గోడకు ఆనించిన అల్మరా వద్దు. నేల మీద వద్దు. ఇంట్లో అన్నిటికంటే నిలకడగా ఉండే గదిలో, లోపలి గోడ వైపు, బీరువాలో మధ్య అర. గాలిలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఆకుకి హాయి. 65 దాటి చాలా రోజులు ఉంటే బూజు మొదలవుతుంది, బాగా తగ్గితే ఆకు పెళుసెక్కుతుంది. చిన్న డిజిటల్ తేమమీటరు ఒకటి కొని లోపల పెట్టండి. అంకె కంటే కూడా అది రోజుకీ రోజుకీ ఎంత ఊగుతోందో చూడండి, ఆకుని ఎక్కువగా దెబ్బతీసేది ఆ ఊగిసలాటే. సిలికా జెల్ పొట్లాలు గుప్పెడు పోస్తే మంచిదని కొందరు అనుకుంటారు. అవి ఆకులోని తేమ కూడా లాగేస్తాయి.

తడిస్తే

తుఫాను, వరద, కారే పైకప్పు. మన తీరప్రాంతాల్లో ఇది ఎప్పుడైనా రావచ్చు. తడిసిన కట్టకి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది, కాబట్టి ఇది మాత్రం తొందరగా చేయాల్సిన పని. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయర్ వద్దు. రెండూ ఆకును పైనొకలా లోపలొకలా ఆరబెట్టి విల్లులా వంచేస్తాయి. దారం తీసి, విడివడిన ఆకులను మాత్రమే వేరుచేసి, తెల్లటి అద్దుడు కాగితం మధ్య పెట్టి, పైన తేలికైన బరువు ఉంచి, గదిలో ఫ్యాన్ గోడ వైపు తిప్పి నడిపించండి. కాగితాలు మొదటి రోజు రెండు మూడు గంటలకొకసారి మార్చాలి. వార్తాపత్రిక వాడితే సిరా అంటుతుంది. అతుక్కుని ఉన్నవాటిని అలాగే ఆరనివ్వండి.

ఎవరికి ఇవ్వాలి, చట్టం ఏమంటుంది

ఇంట్లో ఉంచుకోలేకపోతే నదికి బదులు గ్రంథాలయానికి ఇవ్వండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు ప్రతులున్న చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయం సరేసరి. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ దేశమంతటా సంరక్షణ కేంద్రాలను ఏర్పాటు చేసింది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో కోటికి పైగా రాతప్రతుల సర్వే, సంరక్షణ చేపడతామని ప్రకటించారు. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి, డిజిటల్ ప్రతి ఒకటి మీకివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే శుభ్రం చేయించుకుని, ఫోటోలు తీయించుకుని ఇంటికి తెచ్చుకోవడం కుదురుతుందేమో అడగండి.

75 ఏళ్లు దాటిన, శాస్త్ర, చారిత్రక, సాహిత్య, కళాపరమైన విలువ ఉన్న రాతప్రతి 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం కింద పురావస్తువే. అమెరికాలో ఉన్న అబ్బాయికి జ్ఞాపకంగా నాలుగు ఆకులు పంపుదామనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. దేశం దాటించడం నేరం. బొమ్మలున్న రాతప్రతులైతే రిజిస్టర్ కూడా చేయించాలి. పాత సామాన్లు కొనేవాళ్లు ఆకులు విడివిడిగా అడుగుతారు, ఫ్రేము కట్టి గోడకి తగిలించడానికి. కట్ట విడగొట్టి అమ్మితే ఆ గ్రంథం ఇక ఎవరూ చదవలేరు.

గోదావరిలో కలుపుతామన్న ఆ ఇంటి కట్ట సంగతి చెప్పాలి. తొంభై నాలుగు ఆకులు. శుభ్రం చేసి ఫోటోలు తీయడానికి ఆ కోడలికీ నాకూ ఐదు రోజులు పట్టింది. మొదటి అరవై ఆకులు పశువుల వైద్యం, ఏ జబ్బుకి ఏ ఆకుపసరు ఎంత పోయాలో. మిగతావి ఎవరో వేర్వేరు చేతులతో రాసుకున్న అప్పుల లెక్కలు, ఒక పెళ్లి ఖర్చు, మధ్యలో ఒక పిల్లవాడు దిద్దుకున్న గుణింతం. ఆ గుణింతం ఆకు ఫోటో అత్తగారు తన ఫోన్‌లో పెట్టుకున్నారు. కట్ట ఇప్పుడు వాళ్ల బీరువాలో మధ్య అరలో ఉంది.

వానలు వెనకబడ్డాక, మూలా నక్షత్రం వచ్చే ముందు ఒక పొడి రోజు చూసుకుని దాన్ని తీయమని చెప్పాను. గుడ్డ విప్పి చెక్కల మీద, కింద పరిచిన తెల్లగుడ్డ మీద కొత్త పొడి రాలిందేమో చూడాలి. వాసన చూడాలి, బూజు ముక్కుకే ముందు తెలుస్తుంది. దారం కింద వేలు పెట్టి చూడాలి. వసకొమ్ము మూట మార్చి, తేదీ చీటీ మీద వేసి, ఆకులు విప్పకుండానే మళ్లీ చుట్టి పెట్టేయాలి.